పట్టుదలయు మొండితనమును

ఒక మనుష్యుడు తాను పట్టిన పని విడువకున్నప్పుడు, అతడు మనవాడైనచో పట్టుదల గలవాడందుము, కానివాడైనచో మొండివాడందుము. నడత యొక్కటియే, పేళ్లు మాత్రము రెండు. కావున శీలమును గూర్చి మనము వాడు మాటలు ఇతరుల స్వభావమును దెలుపుటకంటె మన యిష్టానిష్టములనే యెక్కువగా దెలుపుచున్నవేమో విచారింపవలసియున్నది.

సంస్కృతమున నీ గుణమునకు ముఖ్యమైన పేరు ధృతి. ధరించుట, నిలుపుట యను నర్థము గల ధాతువునుండియే ధృతియు ధర్మమును బుట్టినవి. మనుస్మృతి ధర్మమునకు పది లక్షణములను లెక్కించుచు ధృతినే మొదట జెప్పినది. అయినను మన పూర్వులు ధృతిమాత్రమునకే తృప్తి చెందలేదు. భగవద్గీత పదునెనిమిదవ యధ్యాయమున ధృతి మూడు విధములుగా విభజింపబడినది. అందు కడపటిది తామసము. నిద్రను, భయమును, శోకమును, విషాదమును, మదమును విడువజాలని దుర్బుద్ధి యొక్క ధృతి యది. భయమును విడువకపోవుటయు ధృతియేనా యని మొదట నాశ్చర్యము గలుగును. కాని మన యనుభవమునకు సరిపోవు మాటయే యిది. కాలము చెల్లిన యాచారమును బట్టుకొని వ్రేలాడువానియందు మనము మెచ్చుకొను దార్ఢ్యము, నిజమునకు నలుగురేమందురో యను భయమే కావచ్చును. పట్టు గట్టిదైన జాలదు, పట్టినదేమో చూడవలెను.

మన తెలుగు మాటలును ఈ భేదము నెఱుగును. పట్టుదల యనుటలో పట్టుట యున్నది. పట్టనేర్చిన చేతికి విడుచుటయు దెలియును. మొండి యనగా వాడి లేనిది. మొండికత్తి గట్టిది కాదని యెవ్వరు ననరు. అది తెగదు, అంతే. ఇనుమునకు లోపము లేదు, పదునునకే లోపము. అట్లే మొండివానియందు బలము కొఱవడలేదు. వివేకమను పదును కొఱవడినది.

ఇందులకు కందుకూరి వీరేశలింగముగారి చరిత్రము తార్కాణము. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదిని రాజమహేంద్రవరమున వారు తమ తొలి వితంతు వివాహమును జరిపించిరి. వెలికి వెఱచి వంటవారును, నీళ్లు తెచ్చువారును మానుకొన్నను వెనుదీయలేదు. ఇది పట్టుదలయా, మొండితనమా? ఆనాటి ఛాందసుల నడిగిన నొక యుత్తరము వచ్చును. నేటివారి నడిగిన వేఱొకటి. తీర్పునకు మఱియొక సాక్ష్యము గలదు. చిరకాలము గ్రాంథికమున గద్యము వ్రాసి యా మార్గమున పెద్దలనిపించుకొన్న వీరే, 1919లో, తమ జీవితపు చివరి యేట, వ్యావహారిక భాషా ప్రచారమునకై యేర్పడిన సమాజమున కధ్యక్షులైరి. నలువదేండ్లకు మించిన యలవాటును విడువగలిగిన యా చేయి వితంతువుల పక్షమును మాత్రము విడువలేదు. విడువనేర్చినవాడు విడువనిదే గదా పట్టుదల!

ఇది మొదటి పరీక్ష. రెండవది యేమనగా, మన పట్టునకు వెల యెవరు చెల్లించుచున్నారు? ఆ వివాహ సమయమున వీరేశలింగముగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరినుండి తామే నీళ్లు మోసి తెచ్చి వంట చేసిరి. భర్త పట్టుదలకు భార్య భుజము నొచ్చినది గదా యని యెవరైన నడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. ఆమె యా కార్యమును తన కార్యముగా నెంచినది గనుక నది యామె ధృతియు నైనది. నోరు మూయించి మోయించియుండినచో భర్తది వట్టి పంతమై యుండెడిది.

నేటికిని మన యిండ్లలో నీ లెక్క తప్పుచునే యున్నది. ఇచ్చిన మాట తప్పనని, కూతురి యిష్టము నరయక సంబంధము ఖాయపఱచు తండ్రి మాట మీద నిలిచినవాడనిపించుకొనును. వెల చెల్లించునది మాత్రము కూతురు. ఆ సంబంధము వలదు, ఇంకను చదువుకొందునని బిడ్డ కన్నీటితో నిలిచెనా, అది మొండిఘటము! తన బ్రతుకునకు తానే పూచీపడుచున్న యామెది మొండితనము. పరుల బ్రతుకును పణమొడ్డిన యతనిది సత్యసంధత. పేరు పెట్టుటలోనే తీర్పు ముగిసినది. విచారణ జరుగనే లేదు.

కావున బిడ్డను మొండి యని పిలుచుటకు ముందు రెండు సంగతులు చూడవలెను. కారణము చూపినచో విడుచునా? తన పట్టువలన గలుగు కష్టమును తానే భరించునా, ఇతరులపై మోపునా? ఈ రెంటను నిలిచిన బిడ్డయందు మనకు కనబడు దోషము మన మాట వినకపోవుట యొక్కటియే యైనచో, మనము గోరునది శీలము గాదు, విధేయత. మన బిడ్డలు శీలవంతులు గావలెనని కోరువారము, ఆ శీల మొకనాడు మన కెదురుగా నిలుచుటకును సమ్మతించినవారమే.