అలసిన బంటు

అనంతపురము సీమలో పల్లెవెంట పల్లె నడచిపోవువానికి చెఱువుకట్ట మీదనో, వేపచెట్టు మొదటనో, సగము మట్టిలో క్రుంగిన వీరగల్లులు కనబడుచుండును. ఒకచేత కత్తియు నొకచేత డాలును పట్టిన మనుష్యుడు; అతనిచెంత ఆవులమంద; పై వరుసలో అతనిని స్వర్గమునకు గొనిపోవు అప్సరసలు. పసులను పరులు తోలుకొనిపోవుచుండగా అడ్డుపడి చచ్చినవానికి ఊరు తీర్చుకొన్న ఋణమది. చావక తిరిగివచ్చినవానికి, ఇక నావలన గాదని కత్తిని చూరున జెక్కి మేడి పట్టినవానికి నిలిపిన రాయి మాత్రము నేనెచ్చటను జూడలేదు.

చచ్చిన బంటును పూజింతుము. గెలిచిన బంటును పొగడుదుము. అలసిన బంటునకు మన నీతిశాస్త్రములో స్థానమెచ్చట? పిఱికివాడని త్రోసివేయుటకు వీలులేదు, ఇరువదియేండ్లు ముందువరుసలో నిలిచినవాడు గదా. వీరుడని పిలుచుటకును మనకు నోరు రాదు, ఆ మాట విన్నచో అతడే తలత్రిప్పుకొనును. ఈ ప్రశ్నను నేను గ్రంథములనుండి తీసికొనలేదు. ఈ ఎండిన మెట్టసీమలో బ్రదుకువారికి ఇది ఇంటి ప్రశ్న.

మొదట నేలసంగతి చెప్పవలెను. పడమటి వానమబ్బులు కనుమలకావలనే బరువు దింపుకొని యిచ్చటికి తేలికపడి వచ్చును. తూర్పుసముద్రపు వానలకు ఈ సీమ దూరము. ఏడాది మొత్తమునకు ఇంచుమించు యేబదియైదు సెంటీమీటర్లు కురిసిన కురిసినట్లు. అదియును విత్తునాటికి గాక కోతనాటికి కురియుట కలదు. ఇట్టిచోట ఇద్దఱు కొడుకులున్న రైతు ఒక్కనికి నాగలిని, ఒక్కనికి ఈటెను ఇచ్చుట ఆశ్చర్యమా? విజయనగరపు రాయలు అమరనాయకులకు భూములిచ్చి సేనలను బెట్టించిరి. 1565లో తళ్ళికోట యుద్ధమునకు పిమ్మట రాజధాని పెనుగొండకు వచ్చెను. తరువాత రాజ్యము పోయినను ఈటెలు పోలేదు. నాయకులనంటియుండిన ఆయుధజీవనము పాలెగాండ్ర చేతికి వచ్చెను. పాలెగాండ్రక్రింద కట్టుబడి బంట్రోతులు నిలిచిరి. కొంత మాన్యము, కొంత పన్నుతగ్గింపు, పిలిచినపుడు ఆయుధముతో వచ్చుట: ఇదియే కట్టుబడి. బంటన్న మాటకు మన భాషలో యోధుడనియు సేవకుడనియు రెండర్థములు. జీతమను మాట జీవితమునుండి పుట్టినదని నిఘంటుకారులు చెప్పుదురు. ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన బెట్టి చూచినచో ఆ మనుష్యుని కథ సగము తెలియును.

గుత్తికొండ నెక్కినవారు మురారిరావు గద్దెను చూచియుందురు. నిలువుకొమ్మ అంచున నున్న చిన్న మంటపమది. అచ్చట గూర్చుండి ఆయన చదరంగమాడెడివాడని చెప్పుదురు. ఘోర్పడే వంశపు మరాటా సర్దారు. కర్ణాటక యుద్ధములలో ఆయన గుఱ్ఱపుదళమునకు వెల కట్టనివారు లేరు. 1751లో మహమ్మదాలీకిని ఇంగ్లీషువారికిని తోడైనాడు; ఒకటి రెండేండ్లలో మైసూరువారితో గూడి ఫ్రెంచివారి వైపున నిలిచినాడు; 1768లో మరల ఇంగ్లీషువారితో జేరి హైదరుమీదికి నడచినాడు. చరిత్రకారులలో కొందఱు దీనిని ద్రోహమందురు. నాకంత నిశ్చయము లేదు. ఆయనను తెచ్చుకొన్నవారిలో ఎవ్వరు ధర్మమునకై పిలిచిరి? చదరంగపు బలగమునకు రంగు మాఱుట యుండదు; కిరాయి బలగమునకు ప్రతి యాటకును రంగు మాఱును.

అయినను 1776లో హైదరు ఆ కోటను పట్టిన విధము మాత్రము మనస్సునుండి పోదు. గుత్తికోటను ఫిరంగులు గెలువలేదు. కొండపైని రాతితొట్లలోను బావులలోను నీరు తఱిగిపోయెను. లోపలివారు దప్పికకు లొంగిరి. మురారిరావును శ్రీరంగపట్టణమునకును, పిదప కబ్బాలదుర్గమునకును బంపిరి, అచ్చటనే చనిపోయెను. ఈ సీమలో తుదకు నీరే సేనాధిపతి. ఆ కోటగోడలవెంట నిలిచి, నాలుక పిడచకట్టగా, క్రింది మైదానములోని గుడారములను చూచుచుండిన బంట్ల పేర్లు మనకు దక్కలేదు. వారిలో నొకడైనను, ఈ చదరంగము నాది కాదే యని యనుకొనకపోయినాడా?

ఇక్కడ పెద్దలు ఒక మాట అడ్డు వేయుదురు. ఉప్పు తిన్నవాడు ఋణము తీర్చవలెను. తిన్నింటి వాసములు లెక్కపెట్టువాడు మనుష్యుడా యని. ఈ మాటను నేను తేలికగా తీసివేయను. ఉప్పుమీది విశ్వాసము లేనిచో ఏ సంసారమును, ఏ ఊరును నిలువదు. కాని ఈ ధర్మమునకు గురువులైనవారినే అడుగుదము. భీష్మపర్వమున యుద్ధారంభమునకు ముందు ధర్మరాజు కవచము విప్పి, పాదచారియై పెద్దల యొద్దకు అనుజ్ఞకై పోయినపుడు, భీష్ముడు, ద్రోణుడు, కృపుడు, శల్యుడు నలువురును ఒక్కమాటనే చెప్పిరి: కౌరవుల ధనమునకు కట్టుబడితిమి, కావున నీ పక్షమున పోరలేము, వేఱేమైన కోరుకొమ్మని. ధర్మము నీవైపున నున్నదని యెఱిగియే చెప్పిరి. భారతమంతటిలో ఇంత సిగ్గుపడవలసిన ఒప్పుకోలు మఱియొకటి లేదని నా యభిప్రాయము. దానిని సిగ్గుతోనే చెప్పిరి గనుకనే వారు పెద్దలు. తొమ్మిదినాళ్ళు చంపిచంపి పదియవనాడు భీష్ముడు ఈ దేహముమీద విసుగు పుట్టినదనెను. తన పతనోపాయమును తానే చెప్పెను. మన సాహిత్యములో అలసిన బంటు ఆయనయే. ఉప్పు ఋణము ఆయన చేతిని కట్టగలిగినది. లోపలి లెక్కను మాపలేకపోయినది.

ఇచ్చట ఒక భేదము చూపవలెను. అలసట యంతయు పశ్చాత్తాపము గాదు. జీతము నిలిచిపోయినందున అలసినవాడు వేఱు, కాళ్ళు నొచ్చి అలసినవాడు వేఱు. తాను చంపినవాని ముఖము కలలో కనబడి అలసినవాడు వేఱు. చూచుటకు మువ్వురును ఒక్కతీరుననే అరుగుమీద కూర్చుందురు. ఎవ్వరేది మోయుచున్నారో మనమెఱుగము. కూలికి చేసినది గనుక పాపము నాది గాదని బంటనుట చెల్లదు. కూలి యిచ్చితిని, చేసినవాడు వాడేయని దొర యనుటయు అంతకంటె చెల్లదు. అయితే లోకములో మొదటివానికి శిక్ష పడుచున్నది, రెండవవానికి గద్దె నిలుచుచున్నది.

1800లో నిజాము దత్తమండలములను కంపెనీకి ఇచ్చెను. తామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి తొలుత అనంతపురమున కచేరి పెట్టెను. అప్పుడు ఇచ్చట సుమారు ఎనుబదిమంది పాలెగాండ్రును, వారిక్రింద ముప్పదివేల సాయుధులును ఉండిరందురు. పాలెగాండ్రలో కొందఱికి పింఛను, కొందఱికి బహిష్కారము. దేశమునకు శాంతి వచ్చినది. ఆ మాట కాదనుట అన్యాయము. పొలము దున్నువాడు పంట తనదని నమ్ముటకు వీలుపడినది. కాని ముప్పదివేల బంట్లకు నిలుకడ యెట్లు? కొందఱు గ్రామపు కావలికి, మాన్యములకు అంటుకొని మిగిలిరి. నలువదియైదేండ్లు గడచుసరికి ఆ మాన్యములమీదను చేయిపడెను. 1846లో నొస్సము ప్రాంతపు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగబడినపుడు ఆయన వెంట నడచినవారిలో ఈ కట్టుబడివారు ఎందఱో. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీసి, తలను కోటగుమ్మమున వ్రేలాడదీసిరి. ఏండ్ల తరబడి అది అట్లే యుండెను. యుద్ధకాలమున బంటైనవాడు శాంతికాలమున దొంగ యనిపించుకొనుట ఈ సీమకు క్రొత్త గాదు. పని మాన్పించినవారు అతనికి వేఱుపని చూపకపోవుటయు క్రొత్త గాదు.

మన్రోయు నిజమునకు కత్తిపనివాడే. 1780లో చెన్నపట్టణమున పదాతిదళపు కడెట్టుగా దిగి హైదరుతో పోరినాడు. గవర్నరై, అలసి, ఇంటికి పోవ సెలవడిగినాడు; బర్మా యుద్ధము అడ్డువచ్చి నిలిచినాడు. ఎట్టకేలకు ప్రయాణమునకు ముందు తాను మునుపు పాలించిన సీమను కడసారి చూచుటకు వచ్చి 1827 జూలై 6న పత్తికొండలో వాంతిభేదితో మరణించెను. గుత్తికొండ పాదమున పూడ్చి, తరువాత అస్థులను చెన్నపట్టణమునకు గొనిపోయిరి. మురారిరావు గద్దె పైన, మన్రో మొదటి సమాధి క్రింద. ఇద్దఱును యుద్ధము వృత్తిగా బ్రదికినవారే, ఇద్దఱును ఇల్లు చేరలేదు. ఇద్దఱిని తలచువారు నేటికిని కలరు. ఆ రెండింటినడుమ మెట్లపై బరువులు మోసినవారిని తలచుటకు మాత్రము గుఱుతు లేదు.

ఇదంతయు పాతకథ యని చదువరులు పుట త్రిప్పవలదు. నిన్నమొన్నటివఱకు ఈ సీమలో ఫ్యాక్షను పెద్దల వాకిండ్లలో కాచుకొనియుండినవారు ఎవరు? వాన లేని ఏట పనిలేని యువకులు గదా. నాటుబాంబు విసరి చెఱసాలకు పోయినవాడు వాడు. వాని ముసలితల్లికి నెలనెల బియ్యము పంపినందుకు పెద్దకు దాతయని పేరు. మఱియొకవైపున, 2022లో ప్రభుత్వము అగ్నిపథమను పేర నాలుగేండ్ల సైనికోద్యోగమును ప్రవేశపెట్టి, నూటికి ఇరువదియైదుగురిని మాత్రమే నిలుపుకొందుమనెను. తక్కినవారికి మొత్తముగా కొంత ధనమిచ్చి పంపుదురు. కట్టుబడివారికి అంతమాత్రమును దక్కలేదని యొకరనవచ్చును. సత్యమే. కాని ఇరువదిరెండేండ్ల వయస్సున అలసటకు పింఛను లేదు.

నేనెఱిగిన యొక ముదుసలి యున్నాడు. ఇరువదియేండ్లు పటాలములో నుండి వచ్చినవాడు. వచ్చిన ధనముతో మూడు బోర్లు వేయించగా రెండు ఎండినవి, మూడవదానిలో చేతిలోతు నీరు. ఊరివారు పండుగలకు పిలిచి జెండా ఎత్తించుదురు. అతడు ఎత్తి, మాటాడక దిగివచ్చును. ఒకనాడు నేనడిగితిని.

“ఎందుకు పోయినావు తాతా, దండులోకి?”

“వాన రాలేదు నాయనా. పోయినాను.”

“ఎదుటివాళ్ళమీద కోపముండెనా?”

అతడు చాలసేపు ఊరకుండెను. “వాళ్ళూరిలోనూ వాన రాలేదేమో,” అనెను.

అతని భార్య లోపలినుండి మజ్జిగ తెచ్చి యిచ్చెను. ఇరువదియేండ్లు ఆ ఇంటి పొలమును, బిడ్డలను, అప్పులను ఆమె యొక్కతెయే మోసినది. అలసితినని ఆమె యెవరితో చెప్పుకొన్నదో నేనడుగలేదు. అడుగకపోవుట నా తప్పు.

ఇప్పుడు మనుమడు తెల్లవాఱకమునుపే ఎండిన చెఱువులోపల పరుగు తీయుచున్నాడు. సైన్యపు ఎంపికకు అభ్యాసము. ముసలివాడు కట్టమీద వీరగల్లుకు వీపానించి, ప్రక్కన నీళ్ళచెంబు పెట్టుకొని కూర్చుండును. పొమ్మనడు, వలదనడు. పిల్లవాడు ఒక చుట్టు ముగించి రొప్పుచు వచ్చినపుడు చెంబు అందించును.