విషాద నాటక బోధన: తీర్పుకు ముందు వినవలసిన మాట

విషాదాంత నాటకాన్ని తరగతిలో బోధించేటప్పుడు అధ్యాపకుని ముందు ఒక నైతిక ప్రశ్న నిలుస్తుంది. పాత్రల తప్పొప్పులను తానే నిర్ణయించి చెప్పాలా, విద్యార్థి స్వయంగా ఒక నిర్ణయానికి వచ్చేదాకా ఆగాలా? క్రీ.పూ. 441 ప్రాంతంలో ఏథెన్సులో ప్రదర్శితమైనదిగా భావిస్తున్న సోఫోక్లీసు నాటకం ‘యాంటిగొనీ’ ఈ ప్రశ్నకు తగిన నికషం.

థీబ్స్ నగరంపై దండెత్తి మరణించిన పోలినైసీసుకు అంత్యక్రియలు జరపరాదని రాజైన క్రెయాను శాసించాడు. సోదరి యాంటిగొనీ ఆ శాసనాన్ని ధిక్కరించింది. ఈమె ఉదాత్తురాలు, అతడు క్రూరుడు అని విభజించి చెబితే పాఠం సులభంగా ముగుస్తుంది. నాటకం మాత్రం విద్యార్థికి అందదు. యుద్ధం ముగిసిన మరునాడే పాలన చేపట్టిన రాజు భయం ఎటువంటిది? తనతో మరణాన్ని పంచుకోవడానికి సిద్ధపడిన సోదరి ఇస్మీనీని యాంటిగొనీ అంత కటువుగా ఎందుకు తిరస్కరించింది? ముందే తీర్పు విన్న విద్యార్థికి ఇవి ప్రశ్నలుగానే తోచవు.

సంభాషణలను నిశితంగా చదవవలసిన అవసరం ఇక్కడే ఏర్పడుతుంది. యాంటిగొనీని నిలదీసేటప్పుడు క్రెయాను తన ఆజ్ఞను ‘నోమోస్’ అంటాడు. ఆమె సమాధానంలో, దేవతల అలిఖిత నియమాల ముందు, అదే ఆజ్ఞ ‘కేరుగ్మ’గా, అంటే కేవలం చాటింపుగా మారుతుంది. తాను పాటించిన నియమాన్ని ఆమె కూడా మరొక చోట నోమోస్ అనే పేర్కొంటుంది. తెలుగులో అతని మాటను ‘చట్టం’ అనీ, ఆమె మాటను ‘ధర్మం’ అనీ అనువదిస్తే వాదం పూర్తికాకముందే తీర్పు వెలువడినట్లే. ఒకే పదం కోసం ఇద్దరి మధ్య సాగే పెనుగులాట అదృశ్యమవుతుంది.

ఇరుపక్షాలనూ సమంగా వినిపించడం అన్యాయాన్ని సమర్థించడమే కాదా అన్న ఆక్షేపణ తేలికగా తోసిపుచ్చదగినది కాదు. హెగెల్ ఈ నాటకంలో రెండు న్యాయసమ్మత విలువల సంఘర్షణను దర్శించాడు. అయితే నాటకం అక్కడితో ఆగదు. ప్రవక్త టైరీసియసు క్రెయాను తప్పును స్పష్టంగా ప్రకటిస్తాడు. కుమారుడు హీమోను, భార్య యూరిడిసీ ఆత్మహత్యలు చేసుకున్న తరువాత క్రెయాను తన దోషాన్ని తానే అంగీకరిస్తాడు. కనుక నాటకంలో తీర్పు ఉంది. కానీ అది అన్ని మాటలూ విన్న తరువాతనే వస్తుంది.

ఈ క్రమానికి నైతిక కారణం హీమోను సన్నివేశంలో కనిపిస్తుంది. వినయంగా మొదలుపెట్టిన కుమారుడు ప్రజాభిప్రాయాన్ని ఆలకించమని తండ్రిని వేడుకుంటాడు. సంభాషణ క్రమంగా ఒక్కొక్క పంక్తి వాగ్వాదంగా కుదించుకుపోయేసరికి తండ్రి వినడమే మానివేస్తాడు. అతని పతనానికి దారితీసినది ఈ వినలేనితనమే. క్రెయానును ఖండించవలసిందే, కానీ అతని మాట వినకుండానే ఖండించే తరగతి అతని దోషాన్నే అభ్యసిస్తుంది.