మృగశిర కార్తె, తాంబరం పెరడు

మృగశిర కార్తె వచ్చిందంటే విత్తు వెయ్యాలని మనవాళ్ళ పట్టుదల. తాంబరం చుట్టుపక్కల స్థిరపడి మూడు తరాలైనా, జూన్ 8 నాటికి బీర, ఆనప గింజలు నానబెట్టే ఇళ్ళున్నాయి. ఆచారమంటే నాకూ గౌరవమే. కాని కార్తె చెప్పేది సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్నదే. సూర్యుడు ఇక్కడా అక్కడే ఉంటాడు, వానే ఉండదు. నైరుతి పడమటి కనుమల అవతలే కురిసి, మనకు సాయంత్రపు జల్లులు మిగులుస్తుంది. చెన్నపట్నంలో ఏడాదికి పడే సుమారు 140 సెంటీమీటర్లలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యదే. అందుకే తమిళులు విత్తడానికి ఆడి మాసం, అంటే జూలై మధ్య దాకా ఆగుతారు.

పోతే నాలుగు గింజలే కదా అంటారు. అక్కడే నా పేచీ. ఆ నలభై రోజులూ మొక్కల్ని బతికించేది బోరునీరు. బోరు మన స్థలంలోదే అయినా నీరు వీధి అందరిదీ. మా బ్యాంకు భాషలో ఉమ్మడి ఖాతా. చెక్కుపుస్తకం మాత్రం లోతుగా తవ్వించగలిగినవాడి దగ్గరుంటుంది. 2019 వేసవిలో ఆ ఖాతా అడుగంటింది. జూలైలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చారు.

మరి పెద్దల మాట కాదనడమా? వాళ్ళు వానకోసమే పంచాంగం చూశారు. వాళ్ళ నేలమీద రెండూ కలిసొచ్చాయి. 2003లో తమిళనాడులో ఇంటింటికీ వాననీటి గుంట తప్పనిసరి చేశారు. ఆ గుంటలో పూడిక తీయనివాడికి జూన్‌లో గొట్టం పట్టే హక్కెంత? ఈ మాట గట్టిగా అంటే మా వీధిలో సగంమందికి కోపం వస్తుంది.

శాస్త్రానికి ఒక కుండీలో, బియ్యం కడిగిన నీళ్ళతో నాలుగు గింజలు వేసుకోండి. పాదులు ఆడికి, ఆకుకూరలు ఈశాన్యపు వానలు తగ్గాక సంక్రాంతికి.