ముధోల్ కుక్కపిల్లను తెచ్చుకునే ముందు

అబ్బాయ్, తోట కాపలాకు ముధోల్ కుక్కపిల్లను తెస్తున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. మన నిర్మల్ జిల్లాలోనూ ఒక ముధోల్ ఉంది గానీ, ఈ కుక్క సొంతూరు కర్ణాటకలో, బాగల్‌కోట్ జిల్లాలో ఉన్న ముధోల్. ఆ ముధోల్ సంస్థానాన్ని ఏలిన ఘోర్పడే రాజులు ఈ జాతిని చేరదీసి నిలబెట్టారు. 2005లో తపాలా శాఖ దీని బొమ్మతో స్టాంపు వేసింది. 2016లో మీరట్‌లోని సైన్యం శిక్షణ కేంద్రానికి కూడా దీని పిల్లలు వెళ్లాయి. అలాంటిదాన్ని తెచ్చి మామిడిచెట్టుకు గొలుసుతో కట్టేస్తావేమోనని నా దిగులు.

ఇది కంటితో చూసి తరిమే వేటకుక్క నాయనా. దక్కన్ బీళ్లలో కుందేళ్ల వెంట పడటానికి తరతరాలుగా పెంచుకొచ్చారు. ఆ పొడుగు కాళ్లు, లోతైన ఛాతీ, పీక్కుపోయిన పొట్ట అన్నీ పరుగు కోసమే. దూరాన ఏది కదిలినా దూకేస్తుంది. అప్పుడు నువ్వెంత పిలిచినా దాని చెవికెక్కదు. అది దాని పుట్టుక, కొట్టి లాభం లేదు. కంచె లేనిచోట తాడు విప్పావంటే ఏ లారీ కిందో పడుతుంది. కోళ్ల మధ్య చిన్నప్పటినుంచే తిప్పు, అయినా పూర్తిగా నమ్మకు.

రోజూ పొద్దున ఎండెక్కకముందు, సాయంత్రం చల్లబడ్డాక కంచె లోపల వదిలెయ్, తనివితీరా ఉరకనీ. తిన్న వెంటనే మాత్రం పరిగెత్తనీయకు. ఛాతీ లోతుగా ఉండే కుక్కలకు కడుపు ఉబ్బి మెలిపడిందంటే గంటల్లో ప్రాణం పోతుంది.

చూసినవాళ్లంతా "పాపం, తిండి పెట్టడం లేదా?" అంటారు. వాళ్ల మాట విని మేపకు. పక్కటెముకలు కాస్త కనబడుతుంటేనే అది ఆరోగ్యంగా ఉన్నట్టు. గుడ్డు, ఉడికించిన మాంసం, అన్నం పెట్టు. ఉల్లిపాయ వేసిన కూర కలపొద్దు, కుక్కల రక్తాన్ని పాడుచేస్తుంది.

దాని చర్మం పలచన, ఒంట్లో కొవ్వు తక్కువ. ముళ్లతీగ గీసుకుంటే చీరుకుపోతుంది, అందుకే జాలీ కంచె వేయించు. చలికాలం మెత్తటి పక్క ఉండాలి. పిడుదుల్ని రోజూ చెవుల్లో, వేళ్ల సందుల్లో వెతుకు. రేబిస్ టీకా ఏటా మరవకు. ఎప్పుడైనా ఆపరేషన్ అవసరమైతే ఇది వేటకుక్క జాతి అని డాక్టరుకు ముందే చెప్పు. ఇలాంటి సన్నటి కుక్కలకు కొన్ని మత్తుమందులు తొందరగా దిగవు.

కొత్తవాళ్లను దగ్గరికి రానీయదు గానీ, ఇంటివాళ్లు గట్టిగా కసిరినా ముడుచుకుపోతుంది. రాత్రి దాన్ని ఒంటరిగా తోటలో వదలకు, నీ గుమ్మం దగ్గరే పడుకోనీ.

పిల్ల కోసం సంతలో బేరమాడొద్దు. ముధోల్ దగ్గర తిమ్మాపూర్‌లో బీదర్ పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ల కుక్కల పరిశోధన కేంద్రం ఉంది, అక్కడ అడుగు. రెండు నెలలు నిండకుండా తల్లినుంచి తేవద్దు.

పొద్దునా సాయంత్రం దానితో గడిపే తీరిక నీకు లేకపోతే మన ఊరకుక్కనే ఒకదాన్ని చేరదియ్యి, తోటను అదీ బాగానే కాస్తుంది. తీరిక ఉందంటే ముందు కంచె పని మొదలుపెట్టు, జాలీ ఖర్చులో సగం నేనిస్తాను.