చెవి ఒప్పుకోని ప్రయాణం

ఎంత మొండిదో మన లోపలి చెవి! కళ్ళకు వీఆర్ హెడ్‌సెట్ తగిలించి, లోయల మీదుగా ఎగరేసి ఎంత మాయ చేసినా, మనిషి గది మధ్యలోనే నిలబడి ఉన్నాడని పట్టిన పట్టు విడవదు. మూడు అర్ధవర్తుల కుల్యలు, వాటిలో కాస్త ద్రవం. పక్కనే రెండు చిన్న సంచులు, వాటిలో ఇసుక రేణువుల్లాంటి కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు. అంతే దాని సరంజామా! తల ఎటు తిరిగినా, ఒళ్ళు ఎటు ఒరిగినా పసిగడుతుంది. పది మిల్లీసెకన్ల ప్రాంతంలోనే కళ్ళను ఎదురు దిక్కుకు తిప్పి చూపు చెదరకుండా నిలుపుతుంది. నడుస్తూ గోడ మీది పోస్టర్ చదవగలుగుతున్నామంటే దాని చలవే.

కంట్రోలర్ మీది జాయ్‌స్టిక్‌ను బొటనవేలితో ముందుకు నెట్టామనుకోండి. కంటి ముందు దారి పరుగెడుతుంది, పాదాలు మాత్రం గచ్చు మీదే. ముందు నోట్లో నీళ్ళూరతాయి, నుదుట చల్లని చెమట, ఆపైన కడుపులో తిప్పడం. అరకు ఘాట్ రోడ్డు బస్సులో ఇదే తిరగబడుతుంది: మలుపు చెవికి తెలుస్తుంది, ముందు సీటును చూస్తున్న కంటికి తెలియదు. కన్నూ చెవీ చెరో మాట చెబితే, ఒంట్లోకి విషమేదో చేరిందని మెదడు భ్రమపడుతుందని 1977లో ట్రీస్మన్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. తేలిన నిజం కాదు గానీ నాకు భలే నచ్చిన ఊహ. ఆ వాంతి కూడా మనల్ని కాపాడాలనే!

అలాంటి చెవిని ఇంజనీర్లు బతిమాలుకున్న తీరు ముచ్చటేస్తుంది. తల తిప్పాక బొమ్మ కదలడానికి 20 మిల్లీసెకన్లు మించకూడదని పంతం పట్టారు. సెకనుకు 90 సార్లు బొమ్మ మార్చే తెరలు తెచ్చారు. 2015లో పర్డ్యూ యూనివర్సిటీ వాళ్ళయితే తెర అడుగున ఉత్తుత్తి ముక్కునొకటి అతికించారు. రోజంతా చూస్తూనే చూడని మన ముక్కే! అది ఉన్నవాళ్ళు ఓ విల్లా బొమ్మలో సగటున ఒకటిన్నర నిమిషం ఎక్కువ తిరగగలిగారు. మరుసటి ఏడాది కొలంబియా యూనివర్సిటీలో ఫైనర్, ఫెర్నాండెస్ ఇంకో ఉపాయం చూపారు: బొమ్మలో కదులుతున్నంతసేపూ అంచులను మెల్లగా చీకటి చేసి, ఆగగానే మళ్ళీ విప్పడం. ఆ ముక్కునూ ఈ చీకటినీ చాలామంది గమనించనేలేదు.

కొత్తగా హెడ్‌సెట్ కొన్నవారికి ఒక మాట. మొదట్లో కూర్చునే ఆడండి. నడిచే బదులు ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకే పద్ధతి ఎంచుకోండి. ఎదురుగా ఫ్యాన్ పెట్టుకోండి. నోట్లో నీళ్ళూరగానే తీసి పక్కన పెట్టేయండి, పంతానికి పోయి ఓర్చుకోకండి.