శిష్టుల సమ్మతి, అభ్యర్థి సాధన

ఉద్యోగ నియామకాల్లో విరివిగా వాడుకలోకి వచ్చిన సిచువేషనల్ జడ్జ్‌మెంట్ టెస్టు, అంటే పనిచేసే చోట ఎదురయ్యే ఒక చిక్కును వర్ణించి, దానికి ఇచ్చిన నాలుగైదు ప్రతిస్పందనల్లో ఏది మేలైనదో తేల్చమనే పరీక్ష, పైకి కేవలం ఎంపిక సాధనంగా కనిపించినా, దాని అడుగున ధర్మశాస్త్రాలు చిరకాలంగా చర్చించిన ప్రశ్న ఉంది. సహోద్యోగి ఖర్చుల లెక్క తప్పుగా చూపాడని తెలిసినప్పుడు ముందు అతనితో మాట్లాడాలా, నేరుగా పై అధికారికి చెప్పాలా అన్నదానికి గణితంలో మాదిరి రుజువు దొరకదు. అందుకే ఈ పరీక్షల కీని చాలావరకు ఆ వృత్తిలో అనుభవం పండిన నిపుణుల ఏకాభిప్రాయాన్ని బట్టి తయారుచేస్తారు. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి చూపిన మార్గమూ ఇదే. చదువు ముగించి లోకంలోకి వెళ్లే శిష్యుడికి నడతలో సందేహం కలిగితే, విచారణ చేయగలిగినవారు, ఒకరి ప్రేరణకు లొంగనివారు, కాఠిన్యం లేనివారు, ధర్మాన్నే కోరేవారు అక్కడ ఎలా ప్రవర్తిస్తారో అలాగే ప్రవర్తించమని ఆచార్యుడు బోధిస్తాడు. దీన్నే శాస్త్రకారులు శిష్టాచారం, అంటే సత్పురుషుల నడవడి, అని ప్రమాణంగా స్వీకరించారు.

అయితే ఉపనిషత్తు ఆ శిష్టుల గుణాలను చెప్పిందే గాని వారి సమాధానాలను పట్టికగా ఇవ్వలేదు, కీ మాత్రం సమాధానాన్ని చూపి గుణాన్ని మరుగుపరుస్తుంది. పాత ప్రశ్నలు తిరగేసి సూత్రాలు కంఠస్థం చేసే అభ్యర్థికి ఫలితం అందుతుంది, దాన్ని కన్న వివేకం అందదు. పైగా శిష్టుల సమ్మతి కూడా ప్రశ్నకు అతీతం కాదు: మీమాంసకుడైన కుమారిలభట్టు తన తంత్రవార్తికంలో మహాపురుషుల అతిక్రమణలను సైతం విచారణకు పెట్టి, ధర్మమనే బుద్ధితో ఆచరించినదే ప్రమాణమని, కామలోభాల వల్ల జరిగినది కాదని వేరుచేశాడు. సంస్థకు లాభించే మౌనాన్ని నిపుణులు మెచ్చినంత మాత్రాన అది ధర్మం కాజాలదు.

ఇంతకంటే కఠినమైన చిక్కు ప్రశ్న అడిగే తీరులో ఉంది. ఏం చేయడం సముచితమని అడిగితే పరీక్ష జ్ఞానాన్ని కొలుస్తుంది. మీరైతే ఏం చేస్తారని అడిగితే ప్రవృత్తిని, అనగా మనిషి సహజంగా మొగ్గే దిశను, కొలవజూస్తుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న అగాధమే గీత మూడవ అధ్యాయంలో, ఇష్టం లేకున్నా మనిషి పాపానికి ఎందుకు ఒడిగడతాడన్న అర్జునుడి ప్రశ్నకు మూలం. మొదటి రకానికి అధ్యయనం న్యాయమైన సన్నాహమే. రెండవ రకానికి నేర్చుకున్న జవాబును తన స్వభావంగా చెప్పుకోవడం, ఎంత సర్వసాధారణమైనా, అసత్యమే.

యూపీఎస్సీ 2013 నుంచి సివిల్ సర్వీసెస్ మెయిన్స్‌లో 250 మార్కులకు నిర్వహిస్తున్న నైతికత పత్రం ఈ విషయంలో మెరుగైనది, ఎందుకంటే అందులోని కేస్ స్టడీలు నిర్ణయంతోపాటు కారణాన్నీ రాయమంటాయి. వేదాంతులు మననం అని పిలిచిన సాధనకు, అంటే విన్నదాన్ని యుక్తితో పరీక్షించుకోవడానికి, ఇక్కడ తావుంది: కీ మెచ్చిన జవాబు ఎవరికి మేలు చేస్తుంది, ఎవరిని నొప్పిస్తుంది, తోసిపుచ్చిన జవాబులో ఏ సత్యం మిగిలి ఉంది అని ప్రతి సందర్భంలోనూ వాదించుకునే అభ్యర్థి, ప్రశ్నపత్రం సూచించని మరో మార్గాన్ని కూడా వెతకవలసి వస్తుంది, ఎందుకంటే ఉద్యోగంలో చేరాక ప్రత్యామ్నాయాలను వరుసగా అచ్చువేసి ఇచ్చేవారు ఎవరూ ఉండరు.