నీళ్ళ కింద నిలిచిన గుడి – మన సీమ నేర్పే ఓర్పు

 

పోయిన వారం హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక అమ్మాయి నన్ను ఒక మాట అడిగింది. "గురువుగారూ, ఓర్పు ఓర్పు అని మీరు చెప్తూనే ఉంటారు. ఓర్పు అంటే వచ్చినదంతా నోరు మూసుకుని భరించడమేనా?" అని. మంచి ప్రశ్న. దీనికి జవాబు పుస్తకంలో కంటే ముందు మా రాయలసీమలో వెతుకుదాం. నాకు దొరికింది అక్కడే కాబట్టి.

కర్నూలు వైపు సంగమేశ్వరం అని ఒక క్షేత్రం ఉంది. కృష్ణ, తుంగభద్ర, భవనాశి లాంటి ఏడు నదులు కలిసే చోటు కనుక సప్తనదీ సంగమం అంటారు. అక్కడ స్వామి రాతి లింగం కాదు, వేపమాను లింగం. శివలింగం కోసం కాశీకి వెళ్ళిన భీముడు రావడం ఆలస్యమైతే ముహూర్తం దాటిపోకూడదని ధర్మరాజు వేపమొద్దునే లింగంగా ప్రతిష్ఠించాడని స్థలపురాణం.

శ్రీశైలం జలాశయం నిండడం మొదలైనప్పటి నుంచి, అంటే 1980ల నుంచి, ఈ గుడి ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ళలోనే ఉంటుంది. ఎండాకాలం వచ్చి నీటిమట్టం తగ్గితే ముందు శిఖరం కనపడుతుంది, తర్వాత గోడలు, చివరికి గర్భగుడి. నేను వెళ్ళిన ఏడు అప్పుడే నీళ్ళు తీసేశాయి. మోకాలి లోతు ఒండ్రు. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు చీపుర్లు, పారలు, బిందెలు పట్టుకుని వచ్చారు. బురద ఎత్తిపోశారు, గోడలు కడిగారు. వేపలింగం అలాగే ఉంది. అయ్యవారు అభిషేకం చేసి హారతి ఇస్తుంటే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మళ్ళీ కొన్ని వారాలకు వానలొస్తాయి, గుడి మునిగిపోతుంది. ఆ సంగతి బురద ఎత్తే వాళ్ళందరికీ తెలుసు. అయినా ఎత్తుతారు. "మునిగిపోయేదానికి ఎందుకింత కష్టం?" అని ఒక పెద్దాయన్ని అడిగాను. ఆయన నా వైపు విచిత్రంగా చూసి, "తేలినప్పుడు పూజ జేయాల గదా సామీ" అన్నాడు. అంతే.

ఆ పెద్దాయన ఊరు కూడా ఆ జలాశయంలోనే ఉంది. ఆ డ్యామ్ కింద వందకు పైగా ఊళ్ళు మునిగాయి. నీళ్ళు తగ్గితే గుడి పైకొస్తుంది, ఆయన ఇల్లు మాత్రం తిరిగి రాలేదు.

ఇంకో విచిత్రం చూడండి. కరువుసీమ అని పేరున్న ఆ నేలనే 2009 అక్టోబర్ 2న వరద ముంచింది. తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి కర్నూలు నగరంలోకి వచ్చేశాయి. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి మఠంలోకీ నీళ్ళు వచ్చాయి. 19 లక్షల క్యూసెక్కులకు కట్టిన శ్రీశైలం డ్యామ్‌కి సుమారు 25 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది. జనం మిద్దెల మీద రాత్రంతా గడిపారు. నీళ్ళు తీసాక అంగళ్ళలో తడిసిన సరుకు బయట పడేసి, బురద తోసి, మళ్ళీ షట్టర్లు ఎత్తారు. వానలేక ఏడ్చిన ఊరు వానతో ఏడ్చింది, మళ్ళీ లేచింది.

ఇవన్నీ చూసి నేనొకసారి ప్రవచనంలో సీమ జనం ఓర్పును తెగ పొగిడాను. "భూమాత అంత ఓర్పు వాళ్ళది" అన్నాను. చప్పట్లు కూడా బాగానే కొట్టారు. మా పిన్నికి మాత్రం అది నచ్చలేదు.

మా పిన్నిది రాజంపేట దగ్గర ఒక పల్లె. బోరు మీద బోరు వేసి, అన్నీ ఎండిపోయి, అప్పులపాలై, ఆమె కువైట్‌కి పోయింది. ఇళ్ళలో పని. రాజంపేట, రాయచోటి వైపు నుంచి అలా పోయిన ఆడవాళ్ళు ఎందరో. పోయేటప్పటికి కొడుకుకి నాలుగేళ్ళు. తిరిగొచ్చేసరికి వాడు పదో తరగతి. ఒంటిమిట్ట కోదండరామస్వామి గుడి మండపంలో కూర్చుని ఆమె నాకు ఆ కథంతా చెప్పింది.

ఆ ఇంట్లో ఆమెతో పాటు ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒకామె వంట చేసేదట. 2013 నవంబర్‌లో ఆ దేశాన్ని పెద్ద తుఫాను కొట్టింది. మనం హైయాన్ అంటాం, వాళ్ళు యోలాండా అంటారు. ఆరువేల మందికి పైగా పోయారు. ఆమె ఊరు అటువైపే. ఫోన్ కలవదు, పిల్లలు ఉన్నారో లేదో తెలియదు. అయినా పొద్దున లేచి రొట్టెలు కాల్చింది. రాత్రి గదిలో ఏసుప్రభువు పటం ముందు కూర్చుంది. పక్కనే మా పిన్ని రాములవారి పటం ముందు కూర్చుంది. ఆమె భాష ఈమెకు రాదు, ఈమె భాష ఆమెకు రాదు. మూడు రాత్రులు అలాగే కూర్చున్నారట. నాలుగో రోజు ఫోన్ వచ్చింది, పిల్లలు బతికే ఉన్నారని.

"చూశావా పిన్నీ, అదే ఓర్పు అంటే" అన్నాను నేను, ఉపన్యాసం అలవాటు కదా.

ఆమె నన్ను ఆపేసింది. "నాయనా, నువ్వు మా ఓర్పును పొగుడుతావు, జనం చప్పట్లు కొడతారు. మాకు ఓర్పు శానా ఉండాది. కావాల్సింది నీళ్ళు. నీళ్ళుంటే నా కొడుకును ఇడిసి నేనెందుకు పోతాను?"

నాకు నోట మాట రాలేదు. ఎదురుగా గర్భగుడిలో ఒకే శిలలో సీతారామలక్ష్మణులు. ఆ మూర్తిని చూస్తూ ఆలోచించాను. రాముడు ఓర్పులో భూమితో సమానమని వాల్మీకి మహర్షి మొదట్లోనే చెప్పాడు కదా. మరి రాముడు ఏది ఓర్చుకున్నాడు, ఏది ఓర్చుకోలేదు?

పట్టాభిషేకం ఆగిపోతే ఓర్చుకున్నాడు. పద్నాలుగేళ్ళ అడవిని ఓర్చుకున్నాడు. అవి తనకొచ్చిన కష్టాలు. కానీ దండకారణ్యంలో మునులు రాక్షసుల బాధ చెప్పుకుంటే, "ఓర్చుకోండి స్వాములూ, మీ తపస్సు గొప్పది" అన్నాడా? రక్షిస్తానని మాట ఇచ్చాడు. సీతమ్మను ఎత్తుకుపోతే అది ఖర్మ అని కూర్చున్నాడా? సముద్రానికి వారధి కట్టాడు.

గీతలో కూడా అంతే. రెండో అధ్యాయం పద్నాలుగో శ్లోకంలో కృష్ణుడు చలి, వేడి, సుఖం, దుఃఖం వచ్చిపోయేవి, వాటిని ఓర్చుకో అంటాడు. దాన్నే తితిక్ష అంటాం. ఎవరితో అన్నాడో గమనించండి. గుహలో కూర్చున్న సన్యాసితో కాదు, విల్లు కింద పడేసిన యోధుడితో. ఓర్చుకుని ఊరుకోమని కాదు, ఓర్చుకుని లేవమని.

కాబట్టి ఆ అమ్మాయికి నా జవాబు ఇది. తల్లీ, ఓర్పు అనేది మన కష్టానికి మనం వేసుకునే మందు. ఎదుటివాడి కష్టానికి దాన్ని మందుగా రాయకూడదు. మన కష్టంలో ఓర్పు, పక్కవాడి కష్టంలో తొందర. ఈ రెండూ కలిస్తేనే ధర్మం. తారుమారైతే, అంటే మన చిన్న ఇబ్బందికి ఆవేశపడి, పక్కవాడి పెద్ద బాధకు నీతులు చెప్తే, అది అధర్మం.

దీనికీ సీమలోనే ఉదాహరణ ఉంది. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గారు ఆకలితో వచ్చిన వాళ్ళకి ఓర్పు మీద ప్రవచనం చెప్పలేదు. పొయ్యిలు వెలిగించి వేలమందికి అన్నం పెట్టారు. నూటయాభై ఏళ్ళు దాటినా ఆయన పేరు జనం ఇంకా తలుచుకుంటున్నారు.

మీలో చాలామంది బెంగళూరులో, హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లలో ఉంటారు. మీ బిల్డింగ్ వాచ్‌మన్, మీ ఇంట్లో పనిచేసే అమ్మ, పక్కన భవనం కట్టే కూలీలు, వీళ్ళది ఏ ఊరో ఎప్పుడైనా అడిగారా? ఆదోని, కోసిగి వైపు నుంచి ఏటా సుగ్గికి పోయే కుటుంబాలున్నాయి. పిల్లల బడి మధ్యలో ఆగిపోతుంది. అలాంటి వాళ్ళు మీ గేటు దగ్గరే ఉండవచ్చు. ఈ సోమవారం శివుడికి అభిషేకం చేసేటప్పుడు ఒక్క పని అదనంగా చేయండి. వాళ్ళలో ఒకరి దగ్గర పది నిమిషాలు కూర్చుని ఊరు, పిల్లల చదువు అడగండి. మీ చేతనైన ఒక్క సాయం చేయండి, ఫీజు కావచ్చు, ఒక ఫారం నింపడం కావచ్చు. ఫోటో మాత్రం తీయకండి.

మీకే కష్టం వస్తే, అప్పుడు సంగమేశ్వరుణ్ణి తలుచుకోండి. నీళ్ళు ఎప్పుడు తీస్తాయో మన చేతిలో లేదు. తీసిన రోజు చీపురు పట్టుకోవడం మన చేతిలో ఉంది.

మా పిన్ని ఇప్పుడు ఊళ్ళోనే ఉంది. కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. ఆ ఫిలిప్పీన్స్ ఆవిడ పండగలకి ఇంకా ఫోన్ చేస్తుందట. ఇప్పటికీ ఒకరి భాష ఒకరికి రాదు.

సంగమేశ్వరుడు మీ అందరికీ నిలిచే ధైర్యం, నిలబెట్టే మనసు ఇవ్వాలని కోరుకుంటూ, వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. శుభం.